రిటైరయ్యాక సొంత వ్యాన్‌లో ఎడారి ప్రయాణం: ఏసీకి పెట్టే డబ్బు నీళ్లకీ నీడకీ పెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీకు 61 ఏళ్లు, మీ శ్రీమతికి 58. ఆమెకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారు. పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొని, లోపల మంచం, వంటగట్టు చేయించి, రెండు నెలలు రాజస్థాన్ ఎడారి, కచ్ వైపు తిరగాలని ఉంది. పైన ఏసీ, వెనక జనరేటర్ పెట్టించాలా, ఈ వయసులో ఇద్దరే వెళ్లడం క్షేమమేనా, మొత్తం ఎంతవుతుంది అన్నారు.

నిక్షేపంగా వెళ్లి రావచ్చు. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకానే వెళ్లండి. ఏసీ వద్దు, జనరేటర్ అసలే వద్దు. ఆ డబ్బుతో బండి లోపల వేడీ చలీ ఆపే షీటు వేయించండి, మంచి బ్యాటరీ కొనండి, నీళ్ల ట్యాంకు గట్టిగా బిగించుకోండి. తారురోడ్డు దిగకండి. సాయంత్రం నాలుగున్నరకల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోండి. వీటన్నిటికంటే ముందు, బండికి డబ్బు కట్టక మునుపే, ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి కాగితాల సంగతి తేల్చుకోండి.

మాది నంద్యాల. ఆర్టీసీ గ్యారేజీలో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ గవర్నమెంటు స్కూల్లో టీచరుగా చేసింది. 2016 మోడల్ వ్యాన్ ఒకటి సెకండ్ హ్యాండులో తీసుకుని, ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టుకుని, ఏడెనిమిది నెలలు కూర్చుని మేమే మార్చుకున్నాం. వడ్రంగం పనికి మాత్రం మనిషిని పెట్టాను. ఇప్పటికి నాలుగు చలికాలాలు జైసల్మేర్, బాడ్‌మేర్, కచ్ వైపు తిరిగొచ్చాం. మా ఊరి నుంచి జైసల్మేర్ 1,800 కిలోమీటర్ల పైమాటే. మేము రోజుకి 250 కిలోమీటర్లు దాటం, అందుకని పోవడానికే వారం పైన పెట్టుకుంటాం.

కాలం విషయంలో రాజీ పడకండి. ఫలోదీ అని జోధ్‌పుర్‌కీ జైసల్మేర్‌కీ మధ్యన ఊరు ఉంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. ఆ వైపు వేసవి అలా ఉంటుంది. అదే ఊళ్లో డిసెంబరులో పగలు మనకి హాయిగా ఉంటుంది, రాత్రి రెండు దుప్పట్లు కావాలి. ఎడారి అనగానే అందరూ వేడి గురించే టెన్షన్ పడతారు. చలికాలంలో వెళ్లేవాళ్లని ఇబ్బంది పెట్టేది రాత్రి చలి. మేము జైసల్మేర్ దగ్గరి ఖూరీ అనే ఊరి పక్కన పడుకున్న ఒక జనవరి రాత్రి, తెల్లవారుజామున అయిదింటికి లోపలి థర్మామీటరు ఏడు చూపించింది. బయట ఇంకా తక్కువే ఉంటుంది. పగలు పన్నెండింటికి అదే బండిలో ఫ్యాను వేసుకున్నాం. ఒకే రోజులో ఈ రెండూ తట్టుకునేలా బండి ఉండాలి.

ఇప్పుడు ఏసీ సంగతి. లెక్క చెప్తాను, మీరే చూసుకోండి. మా బండిలో 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 200 ఆంపియర్ అవర్లది. అంటే చేతిలో ఉన్న కరెంటు సుమారు రెండున్నర యూనిట్లు. టన్ను ఏసీ ఆడుతున్నంతసేపూ గంటకి ముప్పావు యూనిట్ నుంచి యూనిట్ దాకా లాగుతుంది. పడుకుని మూడు గంటలు కాకుండానే బ్యాటరీ ఖాళీ. రాత్రంతా ఆడాలంటే ఇలాంటి బ్యాటరీలు మూడు నాలుగు మొయ్యాలి, వాటిని నింపడానికి పైకప్పు పట్టనన్ని ప్యానెళ్లు కావాలి. లేదంటే జనరేటర్ పెట్టాలి. దాని మోత, పొగ, పెట్రోలు డబ్బా వాసన మధ్యన పడుకోవడానికి అంత దూరం వెళ్లడం దేనికి? ఎడారిలో రాత్రి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, అర కిలోమీటరు దూరంలో ఒంటె మెడలో గంట కదిలినా వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దం కోసమే మా ఆవిడ ప్రతి ఏడూ పోదాం అంటుంది.

ఏసీ లేకుండా మేము వాడే కరెంటు రోజుకి సుమారు ఒక యూనిట్. 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్జు అందులో సగం తింటుంది. మిగతాది రెండు చిన్న ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు. పైన 400 వాట్ల ప్యానెళ్లున్నాయి. జైసల్మేర్ చలికాలపు ఎండకి అవి ఖర్చుకి తగ్గట్టు నింపేసి ఇంకా కాస్త మిగులుస్తాయి. ప్యానెళ్లని కప్పుకి అతికించకుండా రెండంగుళాల ఎత్తులో ఫ్రేము మీద పెట్టించండి. కిందనుంచి గాలి ఆడితే ప్యానెల్ చల్లగా ఉండి బాగా పనిచేస్తుంది, పైగా బండి కప్పుకి అదే పందిరి. మబ్బు పట్టిన రోజులకి ఇంజను నుంచి కూడా బ్యాటరీ ఎక్కేలా డీసీ టు డీసీ చార్జరు పెట్టించుకోండి. ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగి లిథియం బ్యాటరీకి కలపకండి, ఆల్టర్నేటర్ మీద మోయలేని లోడు పడి వేడెక్కిపోతుంది.

వైరింగ్ దగ్గర నాకు జరిగింది చెప్పాలి. మొదటి ట్రిప్పులో బాడ్‌మేర్ దాటాక ఒక పొద్దున మా ఆవిడ ఇండక్షన్ పొయ్యి మీద పాలు పెట్టింది. రెండు నిమిషాలకి రబ్బరు కాలిన వాసన. మంచం కింద పలక ఎత్తి చూస్తే, ఇన్వర్టర్‌కి పోయే లావు వైరు చివర లగ్గు దగ్గర, అంటే వైరుని నట్టుకి బిగించే లోహపు కొస దగ్గర, తొడుగు మెత్తబడి నల్లగా అయింది. ఆ లగ్గుని ఒక షాపులో బిగించారు. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాల్సింది సుత్తితో కొట్టి వదిలేశారు. రెండు వేల కిలోమీటర్ల అదురుకి వదులైపోయింది. 12 వోల్టుల దగ్గర 1,500 వాట్ల పొయ్యి వెలిగిందంటే ఆ వైరులో 120 ఆంపియర్ల పైనే పారుతుంది. లగ్గు వదులుగా ఉంటే అక్కడే నిప్పు పుడుతుంది. అందుకని బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, మొదటి 500 కిలోమీటర్లు నడిపాక ప్రతి లగ్గూ, నట్టూ చేత్తో పట్టి చూడాలి. డ్రైవరు సీటు పక్కన ఒకటి, మంచం దగ్గర ఒకటి, రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు పెట్టుకోండి. పడుకున్న చోటు నుంచి చెయ్యి చాపితే అందాలి.

షీటు సంగతికి వస్తాను. రేకు మీద నేరుగా ప్లైవుడ్ కొట్టేస్తే పగలు పెనంలా, రాత్రి మంచుగడ్డలా ఉంటుంది. మేము కప్పుకీ, పక్కలకీ, తలుపులకీ నైట్రైల్ రబ్బరు ఫోము వేసి దానిమీద పలచటి ప్లై వేశాం. నేలకి కూడా వేశాం, దీన్ని చాలామంది వదిలేస్తారు. డ్రైవరు సీటుకీ గదికీ మధ్యన మా అమ్మ కుట్టిన పాత చీరల బొంత తెరలా వేలాడదీస్తాం. ముందు అద్దం నుంచి వచ్చే చలిని ఆ బొంత ఆపినంతగా, కొన్న తెరలేవీ ఆపలేదు.

ఇంత చేశాక ఇంకో సమస్య వస్తుంది. తలుపులన్నీ బిగించి పడుకుంటే ఇద్దరి ఊపిరి తేమంతా చల్లటి అద్దాల మీదా, బోల్టుల తలల మీదా చేరుతుంది. మొదటి రాత్రి తెల్లారేసరికి మా ఆవిడ నుదుటి మీద చుక్క పడింది. వాన పడుతోందేమో అనుకుని లేచి కూర్చుంది. చలి ఎంతున్నా పైన గాలి కిటికీ రెండు వేళ్ల సందు తెరిచే ఉంచండి. చలిమంట కుంపటి, బొగ్గుల సిగిడీ లాంటివి లోపల పెట్టుకోనే వద్దు. అటు ధాబాల దగ్గర ఎవరైనా ప్రేమగా ఇస్తామన్నా వద్దనండి. మూసిన బండిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసు పొయ్యి వాడితే కిటికీ తెరిచి వండుకోవడం, వంటవగానే సిలిండరు దగ్గరే కట్టేయడం అలవాటు చేసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం చిన్న పెట్టె, తప్పకుండా కొనండి.

నీళ్లు. మాకు 90 లీటర్ల ట్యాంకు ఒకటి, తాగడానికి విడిగా 20 లీటర్ల క్యాన్లు రెండు. ఇద్దరికి పొదుపుగా నాలుగు రోజులు. ట్యాంకుని వెనక చివర పెట్టకండి, వీలైనంత మధ్యలో, కిందికి, రెండు ఇరుసుల నడుమ వచ్చేలా బిగించండి. లోపల అడ్డపలకలున్న ట్యాంకు తీసుకోండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా 90 కిలోల నీళ్లు ముందుకొచ్చి గుద్దుతాయి. ఆ వైపు చాలాచోట్ల భూమిలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. స్నానానికీ గిన్నెలకీ సరే, తాగడానికి మాత్రం ఊళ్లలో అడిగి మంచినీళ్లు పట్టుకోండి. మనం అడిగితే లేదనేవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు. అయితే అక్కడ నీటి విలువ ఏమిటో తెలిసి అడగాలి. వానకి పడ్డ ప్రతి చుక్కనీ పెరట్లో టాంకా అనే గుండ్రటి నేలతొట్టిలో దాచుకుని ఏడాది నడుపుకునే ఇళ్లవి. అలాంటి ఇంట్లో రెండు బిందెలు అడగడం సబబు, ట్యాంకు నింపమని అడగడం సబబు కాదు. ట్యాంకు నింపుకోవడానికి జైసల్మేర్, బాడ్‌మేర్ లాంటి పెద్ద ఊళ్లున్నాయి.

బరువు గురించి ఆర్టీసీ మనిషిగా ఒక మాట. మీ ఆర్‌సీ మీద బండి మొత్తం బరువు ఎంత దాకా ఉండొచ్చో రాసి ఉంటుంది. పని సగమయ్యాక ఒకసారి, సామాను, నీళ్లు, ఇద్దరు మనుషులు అన్నీ ఎక్కాక ఇంకోసారి వేబ్రిడ్జి కాటా మీదకి ఎక్కించండి. వంద, రెండొందలు తీసుకుంటారు. మాది మొదటిసారి అనుకున్నదానికంటే 210 కిలోలు ఎక్కువ తూగింది. మందం ప్లైవుడ్ డ్రాయర్లు పీకేసి, వాటి బదులు గుడ్డ సంచులూ, కొక్కేలూ పెట్టాం. ఇసుక ధూళి డ్రాయరు పట్టాల్లో చేరి ఎలాగూ అరగదీస్తుంది, కాబట్టి సంచులే మేలయ్యాయి. కుడి ఎడమ చక్రాల మీద బరువు సమానంగా ఉందో లేదో కూడా, ఒక్కో పక్కనే కాటా ఎక్కించి చూడండి.

ఇక ఇసుక. మీ బండి వెనక చక్రాలతో నడిచేది, బరువుది, ఎత్తయినది. ఇసుకతిన్నెల మీదకి పోయే బండి కాదది. రెండో ట్రిప్పులో ఖూరీ నుంచి వస్తూ, రోడ్డుకి పది మీటర్ల దూరంలో చెట్టు నీడ చూసి భోజనానికి దిగుదామని పక్కకి తిప్పాను. పైన గట్టిగా కనిపించింది. వెనక చక్రాలు ఆ పెంకు పగలగొట్టుకుని దిగాయి. నేను చేసిన తప్పు ఏమిటంటే యాక్సిలరేటర్ నొక్కడం. మూడు సెకన్లలో ఇరుసు దాకా కూరుకుపోయింది. అక్కడ గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన వచ్చి చూసి, ముందు నన్ను ఇంజను ఆపమన్నాడు. టైర్లలో గాలి సగానికి దగ్గరగా తీయించాడు. చక్రాల ముందు ఇసుకని చేత్తోనే వాలుగా తోడి, ఖీంప్ అనే పుల్లల పొద నరికి పరిచాడు. రెండోసారికి బండి పైకొచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగి, మా ఆవిడ ఇచ్చిన వేరుశెనగ ఉండలు నాలుగు తువ్వాలు కొంగున కట్టుకుని వెళ్లాడు.

అప్పటినుంచి నా దగ్గర పార ఒకటి, గోనె సంచులు నాలుగు, లాగే తాడు, 12 వోల్టుల గాలి పంపు ఎప్పుడూ ఉంటాయి. గాలి తీశాక మళ్లీ నింపకుండా తారురోడ్డు మీద వేగంగా పోకండి, టైరు వేడెక్కి పగిలిపోతుంది. తిన్నెలు చూడాలంటే సమ్ దగ్గరా, ఖూరీ దగ్గరా ఒంటెలూ జీపులూ ఉన్నాయి. బండి రోడ్డు పక్కన గట్టి నేల మీద ఆపి, వాటి మీద వెళ్లి రండి. కచ్ రణ్‌లో అయితే ఇంకా జాగ్రత్త. తెల్లగా సిమెంటు గచ్చులా కనిపించే ఉప్పు కింద బురద ఉంటుంది. అక్కడ దిగబడితే పుల్లలతో పైకొచ్చే పని కాదు.

రాత్రి ఎక్కడ ఆగాలి అన్నది మీ శ్రీమతితో కలిసి నిర్ణయించుకోండి. మా పద్ధతి ఇది. రామ్‌దేవ్‌రా లాంటి గుడి ఊళ్లలో ధర్మశాల ఆవరణ, పల్లెల్లో ఎవరింటి ముందైనా అడిగి ఆగడం, హైవే మీద పెద్ద పెట్రోలు బంకు. ఊరి బయట ఒంటరిగా ఆగాలనిపిస్తే ముందు దగ్గరి ఊళ్లో ఎవరికైనా చెప్పి ఆగుతాం. వాళ్లకి చెప్పాక మనం వాళ్ల అతిథులం, రాత్రి ఒకసారి వచ్చి చూసి పోతారు. ‘ఖమ్మా ఘణీ’ అని పలకరిస్తే ముఖాలు వెలిగిపోతాయి. సరిహద్దు దగ్గర మాత్రం సొంత నిర్ణయాలొద్దు. తనోట్ మాత గుడి దాకా మనవాళ్లం హాయిగా వెళ్లొచ్చు. గుడిని బీఎస్‌ఎఫ్ వాళ్లే చూసుకుంటారు. 1965 యుద్ధంలో పడి పేలకుండా మిగిలిన గుండ్లని అక్కడ అద్దాల వెనక పెట్టారు. గుడి దాటి సరిహద్దు వైపు వెళ్లాలంటే వాళ్ల అనుమతి కావాలి. జైసల్మేర్ నుంచి అటు పోతుంటే రామ్‌గఢ్‌లోనే డీజిలు నింపేసుకోండి. ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిల్లలకి ఎక్కడున్నారో మెసేజ్ పెట్టండి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సమ్ వైపు వెళ్లకండి. క్యాంపుల పాటల హోరులో నిద్ర ఉండదు.

మీ శ్రీమతి షుగర్ గురించి నాకు కొంత అనుభవం ఉంది, మా ఆవిడకీ పన్నెండేళ్లుగా ఉంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్జులో చల్లటి గోడకి ఆనించి పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టినది, కరిగాక మామూలుగా కనిపించినా, వాడకూడదు. అందుకని డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, మధ్య అరలో ఉంచుతాం. స్టాకు మొత్తం ఒకేచోట పెట్టం, సగం ఐసు ప్యాకుల సంచిలో విడిగా ఉంటుంది. వాడుతున్న పెన్నుని డ్యాష్‌బోర్డు మీద మర్చిపోవద్దు, చలికాలమైనా అద్దం వెనక ఎండ గట్టిగానే ఉంటుంది.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. ఆ ఇసుకలో భురట్ అనే గడ్డి ఉంటుంది, దాని ముళ్ల గింజలు మన పల్లేరుకాయల కంటే చిన్నవి, సన్నవి. చీర కుచ్చెళ్లకీ, సాక్సులకీ పట్టుకుని లోపలికొస్తాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి గుచ్చుకున్నా తెలియదు. మా ఆవిడ మూసిన బూట్లు వేసుకుంటుంది. పడుకునే ముందు నేను టార్చి వేసి ఆమె రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూస్తాను. మూడో ట్రిప్పులో అలాగే ఎడమ మడమ దగ్గర ఒకటి కనిపించింది, ఆమెకి నొప్పే తెలియలేదు. ఈ పని మీరు చెయ్యండి, ఆమెకే వదిలేయకండి.

పొడిగాలిలో దాహం వేయదు, చెమట కనిపించదు. అయినా ఒంట్లో నీళ్లు తగ్గిపోతుంటాయి. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడండి. మందులు మొత్తం ప్రయాణానికీ, ఇంకో పదిహేను రోజులకీ సరిపడా తీసుకెళ్లండి. అటువైపు పెద్దాసుపత్రి అంటే జోధ్‌పుర్ ఎయిమ్స్, జైసల్మేర్ నుంచి 280 కిలోమీటర్ల పైన. గుండెకి సంబంధించిన ఇబ్బంది ఏదైనా ఉంటే జైసల్మేర్ దాటి లోపలికి పోకుండా ఉండటమే మంచిది.

మరుగుదొడ్డి లేకుండా మాత్రం బయల్దేరకండి. పోర్టబుల్ కేసెట్ టాయిలెట్ చిన్నదే, మంచం కింద పడుతుంది. దాన్ని ధర్మశాలల్లో, బంకుల్లో ఉన్న మరుగుదొడ్లలోనే ఖాళీ చేయాలి. రాత్రిపూట చీకట్లో బయటికి వెళ్లాలన్న భయంతో ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎడారిలో అది నేరుగా జబ్బుకి దారి.

కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిచ్చిన దానికి తేడాగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. కప్పు కొయ్యడం, ఎత్తు పెంచడం, బాడీ మార్చడం పెట్టుకోకండి. సీట్లు తగ్గించినా ఆర్‌సీలో అది ఎక్కాలి. మోటార్ కారవాన్లకి, అంటే ఇలా లోపల పడకా వంటగట్టూ ఉన్న బండ్లకి, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మీ జిల్లా ఆఫీసులో ఏం ఒప్పుకుంటారో గీసిన బొమ్మ తీసుకెళ్లి ముందే అడగండి, చెప్పింది కాగితం మీద తీసుకోండి. మార్పులు ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర ఇబ్బంది పడతారు. పసుపు బోర్డు బండి అయితే రాష్ట్రం దాటడానికి పర్మిట్, ట్యాక్సు ఉంటాయి. అందుకని ప్రైవేటు రిజిస్ట్రేషనున్న బండి దొరికితే అదే తీసుకోండి.

ఖర్చు. బండి మాకు 5,80,000 పడింది. మార్పులకి 3,40,000. అందులో బ్యాటరీ, ప్యానెళ్లు, ఇన్వర్టర్, చార్జర్లు కలిపి 1,30,000, వడ్రంగం 90,000, ఫ్రిజ్జు 38,000, షీటు 35,000. మిగతాది నీళ్లు, టాయిలెట్, చిల్లర. పోయినసారి 52 రోజుల్లో 5,600 కిలోమీటర్లు తిరిగాం. లీటరుకి తొమ్మిదిన్నర చొప్పున డీజిలే 55,000 అయింది. తిండి, టోళ్లు, రెండు సర్వీసింగులు, అప్పుడప్పుడు హోటల్ గది, అన్నీ కలిపి లక్షా అయిదు వేలు. వారానికి ఒకరాత్రి గది తీసుకోండి. వేడినీళ్ల స్నానం, బట్టలు ఉతుక్కోవడం, నిటారుగా నిలబడి నడవడం, ఈ వయసులో మూడూ కావాలి.

చూడాల్సినవి అడగలేదు గానీ, రెండు మూడు చెప్పకుండా ఉండలేను. డిసెంబరు, జనవరిల్లో ఫలోదీ పక్కన ఖీచన్ ఊరికి పొద్దు పొడవకముందే వెళ్లండి. మంగోలియా వైపు నుంచి వచ్చే కుర్జా కొంగలు వేలల్లో దిగుతాయి. ఊరివాళ్లు వాటికి గింజలు చల్లుతారు. ముందు అరుపులు వినిపిస్తాయి, తర్వాత ఆకాశం కనిపించదు.

జైసల్మేర్ దగ్గర డెజర్ట్ నేషనల్ పార్కులో బట్టమేక పిట్ట, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, ఉంది. మా నంద్యాల దగ్గరి రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ఆ పిట్ట కోసమే పెట్టారు. చిన్నప్పుడు చేల గట్ల మీద చూశామని మా మామగారు చెప్పేవారు. మా దగ్గర అది ఇప్పుడు కనపడటం లేదు. సుదాసరి వైపు ఒక సాయంత్రం, గడ్డిలో మెడ ఎత్తి నడిచిపోతున్న ఒక్క పిట్టని చూశాం, దూరంగా, బైనాక్యులర్‌లో. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మా ఊరిది తప్పిపోయి ఇక్కడ దొరికినట్టుంది అంది తర్వాత.

అక్కడ దారిపొడవునా కనిపించే ఖేజ్‌డీ చెట్టు మన జమ్మిచెట్టే. రాజస్థాన్‌కీ, తెలంగాణకీ రెంటికీ అదే రాష్ట్ర వృక్షం. మనం దసరాకి ఆకు పంచుకుంటాం, వాళ్లు దాని లేత కాయలని ఎండబెట్టి సాంగ్రీ కూర వండుకుంటారు. జోధ్‌పుర్ పక్కన ఖేజడ్లీ ఊళ్లో 1730లో ఈ చెట్లని కొట్టనివ్వకుండా అడ్డం నిలబడి 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. మా ఆవిడ సాంగ్రీని నానబెట్టి, మన తాలింపు వేసి, కాస్త ఎండుమిరప కారం చల్లి రొట్టెలోకి చేస్తుంది. కిలో కొని తెచ్చుకోండి, ఏడాది నిల్వ ఉంటుంది.

కచ్‌లో ధోలావీరాకి ఒక పూర్తి రోజు పెట్టండి. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. హరప్పా కాలంవాళ్లు అంత ఉప్పునేల నడుమ రాతిని తొలిచి, గట్లు కట్టి, వాననీళ్లు పట్టిన తొట్లు చూస్తే, మన 90 లీటర్ల ట్యాంకు పక్కన నిలబడి చేతులు జోడించాలనిపిస్తుంది. ఖావడా నుంచి అక్కడికి రణ్ మధ్యగా వేసిన రోడ్డుంది, రెండు పక్కలా తెల్లటి ఉప్పు. తిరిగొచ్చాక బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుగాలి రేకుని తినేస్తుంది. ఎయిర్ ఫిల్టరు కూడా ఎడారిలో వెయ్యి కిలోమీటర్లకోసారి విప్పి దులపండి.

ఒకేసారి రెండు నెలలు పెట్టుకోకుండా, బండి తయారయ్యాక మీ ఇంటికి వంద కిలోమీటర్ల లోపు ఎక్కడైనా నాలుగు రాత్రులు పడుకుని చూడండి. ఇంటి కరెంటు, ఇంటి నీళ్లు ముట్టుకోకుండా. ఏది చాలలేదో, ఏది అనవసరమో ఆ నాలుగు రోజుల్లో మీ శ్రీమతే లిస్టు రాసిస్తారు. ఆమె రాసినదాన్ని బట్టి మంచం ఎత్తు, మెట్టు ఎత్తు, వంటగట్టు ఎత్తు సరిచేశాకే ప్లైవుడ్‌కి లామినేట్ వేయించండి. బండి కొనే ముందు ఆర్‌సీ వివరాలు, గీసిన బొమ్మ ఇక్కడ పెడితే బరువు ఎటు పడుతుందో చూసి చెప్తాను. మేము డిసెంబరు రెండో వారంలో బయల్దేరుతున్నాం, అప్పటిదాకా ఇంట్లోనే ఉంటాను.